కుంకుమ గీత

మలాయ్ దేశంలోని బాగన్ దాతుక్ కొబ్బరి తోటలో ఉత్తరాలు పంచే పైడయ్యకు ఏ భాషా చదవడం రాదు. ఏది ఎవరిదో తోట గుమాస్తా చెబితే గుర్తుపెట్టుకునేవాడు. చీనా కొట్టు ముసలమ్మ ఉత్తరాన్ని మాత్రం ఎవరూ చెప్పక్కర్లేదు. కవరు నడుమ నిలువునా ఎర్రటి పట్టీ ఉండేది. ఆమె కొడుకు చీనాలో సిపాయి. అక్కడ చీనావాళ్లే రెండు సైన్యాలుగా చీలి కొట్టుకు చస్తున్న రోజులవి. ఆ పట్టీ కనబడితే చాలు, పైడయ్య వీధి మొదటి నుంచే కవరు ఊపుతూ వచ్చేవాడు.

1927 వానల్లో ఆమెదేనని గుమాస్తా చేతికిచ్చిన కవరు తెల్లగా, బోసిగా ఉంది. యుద్ధంలో ఎరుపు దొరకలేదు కాబోలు అనుకున్నాడు పైడయ్య. మనవాళ్లు శుభలేఖ మూలలకు పసుపు పూసినట్టే వీళ్లకు ఈ ఎరుపు అని అతని లెక్క. ఇంటికెళ్లి భార్య పోలమ్మ భరిణెలోని కుంకుమ తడిపి, నడుమ గీత గీసి, ఎప్పటిలాగే ఊపుకుంటూ వెళ్లాడు.

ముసలమ్మ నవ్వుతూ అందుకుంది. ఆమె భర్త కవరు చించి, చదివి, బెంచీ మీద కూలబడ్డాడు. వాళ్లలో చావు కబురు తెల్ల కవరులో వస్తుందని పైడయ్యకు అప్పుడు తెలిసింది.

ముసలమ్మ ఏడవలేదు. గీతను బొటనవేలితో తడుముతూ, "ఇది ఎవరు పెట్టారు?" అని మలాయ్‌లో అడిగింది.

పైడయ్య ఎర్రబడిన వేళ్లను వీపు వెనక దాచుకున్నాడు.

తొమ్మిదేళ్ల తర్వాత సొంత కూతురి శుభలేఖలు ముందు పెట్టి, పోలమ్మ పసుపు గిన్నె అందించింది.

"నా సేత్తో వొద్దే," అన్నాడు పైడయ్య. "నువ్వే పుయ్యి."