శ్రీశైలం ప్రయాణానికి ముందు పంజాగుట్ట దాకా

శ్రీశైలం ఘాట్ రోడ్డు మీద కారు నేనే నడపాలన్నది నా పంతం. లైసెన్సు వచ్చి ఏడాదైనా, ఎస్.ఆర్. నగర్‌లోని ఇంటి నుంచి మాదాపూర్ ఆఫీసు దాకా తప్ప మా ఆయన నన్ను ఎక్కడికీ నడపనిచ్చింది లేదు. తీరా శనివారం ప్రయాణమనగా మా పాత కారుకి వణుకు పట్టుకుంది. క్లచ్ వదిలితే చాలు, బండంతా దడదడ ఊగుతుంది. గేర్ రాడ్డు ఎగిరెగిరి పడుతుంది, రెండో గేరు బతిమాలితే గానీ పడదు. ఆయన వెంటనే తేల్చేశారు: "క్లచ్ మీంచి కాలు తియ్యవు కదా, కాల్చేసుంటావు. ఘాట్ రోడ్డుకి డ్రైవర్‌ని మాట్లాడుకుందాం." నాకు ఒళ్ళు మండింది. నిజంగా నా తప్పేనేమో అన్న భయమూ లేకపోలేదు.

గురువారం పొద్దున ఏడింటికి, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల జనం రోడ్డెక్కకముందే, యూసుఫ్‌గూడ మెకానిక్ యాదగిరి దగ్గరికి వెళ్ళాం. నేను చెబుతుంటే మా ఆయన మధ్యలో అందుకున్నారు. "ఈవిడ నడిపే తీరు కూడా ఒకసారి చూడండి."

"చూద్దాం సార్. జర పంజాగుట్ట దాకా పోయొద్దాం. పోయేటప్పుడు మేడమ్ నడుపుతరు, వచ్చేటప్పుడు మీరు నడుపుండ్రి," అన్నాడు యాదగిరి.

"నేనెందుకండీ?"

"బండి గదే ఉండాలె, కాలు మారాలె. అప్పుడే ఎర్కైతది సార్."

అమీర్‌పేట చౌరస్తాలో ఆగి కదిలిన ప్రతిసారీ కారు వణికింది, దాంతోపాటు నేనూ. వేగం అందుకున్నాక మాత్రం నున్నగా పోయింది. పంజాగుట్టలో పక్కకి ఆపి సీట్లు మారాం. మా ఆయన గేరు వేసి క్లచ్ వదిలారో లేదో, కారు నా చేతిలో కంటే ఎక్కువ ఎగిరింది! వెనక సీట్లో నాకు నవ్వాగలేదు.

"ఏంటిది, నాకూ ఇలాగే ఉందే!"

"ఇద్దరికీ గట్లనే ఉందంటే మేడమ్ కాలుది కాదు సార్ తప్పు. బండిదే," అన్నాడు యాదగిరి.

షెడ్డుకొచ్చి బానెట్ తెరిచాడు. స్టీరింగ్ ముందున్న మా ఆయన్ని హ్యాండ్‌బ్రేక్ లాగి, బ్రేకు తొక్కి, రివర్స్ గేరులో క్లచ్ కొద్దిగా వదలమన్నాడు. ఇంజన్ ఒక పక్కకి లేచి దబ్బున పడింది. దాన్ని కదలకుండా పట్టి ఉంచే మౌంటింగ్ రబ్బరు చిరిగిపోయిందట.

"ఇంజన్ దుంకుతుంటే గేర్ రాడ్డు సుత దుంకుతది. క్లచ్ మంచిగనే ఉంది, ఫికర్ చేయకుండ్రి."

హమ్మయ్య! రబ్బరు, కూలి కలిపి ఎనిమిది వందలు. మధ్యాహ్నానికల్లా రెండో గేరు వేలితో తోస్తే పడింది.

శనివారం తెల్లారి మా ఆయన తాళం నా చేతిలో పెట్టి, వెళ్ళి ఎడమవైపు కూర్చున్నారు. ఘాట్ మలుపులన్నీ నేనే తిప్పాను. అంత హాయిగా ఎప్పుడూ నడపలేదు. బండి బాగుపడినందుకు కొంత, అనుమానం తీరినందుకు చాలా. మీరూ బయల్దేరుతుంటే ఒక్క మాట: కారు వణికితే అదే దారిలో ఇద్దరు నడిపి చూడండి, బానెట్ తెరిచి చూసేవాళ్ళు కారుకి పక్కన నిలబడాలి, ఎదురుగా కాదు, గేరులో ఉన్న బండి ఉన్నట్టుండి దూకొచ్చు. డ్రైవర్‌ని మాట్లాడుకోవడం ఆ తర్వాతి సంగతి.