ముప్పైని నలభై అని చదివిన రోజు

మా తమ్ముడు పోయిన పదకొండో రోజున మీరంతా ఇల్లందులో పెట్టిన సంతాప సభలో ఒకరు మైకు అందుకుని, "గురువుగారు ఎనిమిదేళ్లు డ్రోన్ ఎగరేసిండు, ఒక్కనాడు కింద పడెయ్యలే" అన్నారు. మిగతావాళ్లు చప్పట్లు కొట్టారు. సంతాప సభలో చప్పట్లేమిటో నాకు తెలియదు గానీ, ఆ మాట మాత్రం తప్పు. ఒకసారి పడింది. అది వాడి చేతి తప్పు కాదు, నా నోటి తప్పు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినదాన్ని, తప్పు కనబడితే ఊరుకోలేను. ఆ రోజు లేవబోయాను, అప్పటికే మైకు ఇంకొకరి చేతికి వెళ్లింది. అందుకే మీ ఫోటోగ్రాఫర్ల సంచికకు ఇది రాసి ఇస్తున్నాను. మీకు ఆయన గురువుగారు. నాకంటే నాలుగేళ్లు చిన్న కాబట్టి నాకు వాడే.

మీరు వాడిని పెళ్లిళ్ల డ్రోన్ మనిషిగానే ఎరుగుదురు. అంతకుముందు ఉద్యోగమంతా బొగ్గుబాయి ల్యాంప్ రూమ్‌లో గడిచింది. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్ల ఇచ్చి, చార్జి నిండిన టోపీ లైటు తీసుకోవాలి. బిళ్ల మేకుకు వేలాడుతుంది. షిఫ్టు దిగి లైటు అప్పగిస్తే బిళ్ల తిరిగి చేతికొస్తుంది. మేకు మీద బిళ్ల ఉన్నదంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఒక్క బిళ్ల మిగిలినా వాడు అన్నం డబ్బా విప్పేవాడు కాదని మా మరదలు చెప్పేది. చల్లారిన అన్నం తిని తిని వేడన్నం పెడితే నాలుక కాలుతుందనేవాడు.

రిటైరయ్యాక డ్రోన్ కొన్నాడు. ఈ వయసులో గాలిపటాలెందుకురా అన్నాను. "నలభై ఏండ్లు కిందికి పోయేటోళ్లకు లైట్లిచ్చిన. ఇగ కొన్ని రోజులు పైకి చూస్తనక్కా" అన్నాడు. అప్పటికి మరదలు పోయింది, మా ఆయనా పోయారు. నేను పెట్టె సర్దుకుని వాడింటికే వచ్చేశాను. వాడు వంట చేసేవాడు, నేను వంకలు పెట్టేదాన్ని.

డ్రోన్ సంచీలో వాడు దాచుకున్నది ఒకటుంది. నంబరు అరిగిపోయిన పాత ఇత్తడి బిళ్ల. డ్రోన్ పైకి లేచిందంటే బిళ్ల వేలాడాల్సిందే. ఇంటి దగ్గరైతే గుమ్మం పక్క మేకుకు, బయటైతే చొక్కా గుండీకి. దిగాక తీసి జేబులో వేసుకునేవాడు. పెళ్లికొడుకు కంటే మీరే బాగా అలంకరించుకున్నారని ఒక వియ్యపురాలు అన్నది కూడా.

తరువాత వాడి కళ్లకు శుక్లాలు వచ్చాయి. ఆకాశంలో చుక్కను చూస్తే చేతిలో తెర మసకబారేది, తెర చూస్తే చుక్క పోయేది. అప్పుడు నాకు ఉద్యోగం దొరికింది. పక్కన నిలబడి, తెర మూలనున్న బ్యాటరీ అంకె పైకి చదవడం.

"అక్కా, ఎంతున్నది?"

"డెబ్బై."

"ఇప్పుడు?"

"అరవై మూడు."

దూరం నుంచి చూసినవాళ్లు ఏదో వేలంపాట అనుకునేవారు.

వాడి పద్ధతి మీకు తెలుసు, మీ అందరి తలల్లోకీ ఎక్కించాడు. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా వెళ్లాలి, అప్పుడు వచ్చేటప్పుడు గాలే తోసుకొస్తుంది. నలభై దగ్గర వెనక్కి మలపాలి. "ఇర్వై కాడ అది మొత్తుకునేదాక ఆగినవంటే అది మిషిన్ తెలివి. నీది కాదు" అనేవాడు.

ఆ రోజు ములకలపల్లి అవతల, అడవి అంచు ఊళ్లో పెళ్లి. పెళ్లికూతురు ట్రాక్టరు మీద వస్తోంది, పైనుంచి తీయాలి. ట్రాక్టరు మమ్మల్ని దాటి గాలివాటున పోతుంటే డ్రోన్ కూడా గాలివాటునే వెంట వెళ్లింది. అంటే తిరుగుదారంతా ఎదురుగాలి. ట్రాక్టరు పందిరి వైపు మళ్లింది. అప్పుడు తెర మీద, పొలాల చివర, ఎర్ర పెంకుల కప్పు ఒకటి కనబడింది.

నా మొదటి బడి. ఇరవై రెండేళ్ల వయసులో అక్కడ పాఠం చెప్పాను. బదిలీ అయ్యాక మళ్లీ అటు వెళ్లలేదు. ఎన్నోసార్లు అనుకున్నాను. అనుకోవడానికి మోకాళ్లు అక్కర్లేదు కదా.

"అక్కా, ఎంతున్నది?"

ముప్పై ఒకటి ఉంది.

"నలభై," అన్నాను. "ఇంకొక్క నిమిషం ముందుకు పోనీరా. అది నా బడి."

వాడు పోనిచ్చాడు. నేనెప్పుడూ అంకె తప్పు చదవనని వాడి నమ్మకం. కప్పు సగం కూలి ఉంది. గదిలోంచి టేకు మొక్క ఒకటి లేచి, పెంకుల మధ్య నుంచి బయటకు చూస్తోంది. పిల్లలను కూర్చోబెట్టి ఎక్కాలు చెప్పించిన అరుగు మాత్రం అలాగే ఉంది. నేను అరుగును చూస్తున్నాను, అంకెను చూడటం లేదు. రిమోట్ కీచుమంది.

"ఏందక్కా, నలభైకే మొత్తుకుంటదా గిది?"

"ఇరవై."

"నిజంగ ఇర్వయ్యేనా?"

"నిజంగా."

వాడు నా వైపు ఒక్కసారి చూశాడు. ఆ తరువాత చూపంతా ఆకాశం మీదే.

"దానంతటది ఇంటికొచ్చే మీట ఉందిగా, నొక్కు," అన్నాను, తప్పు చేసినవాళ్లకే సలహాలు ఎక్కువ కాబట్టి.

"నొక్కితే ముందుగాల పైకి లేస్తది. పైన గాలి ఇంకా గట్టిగుంటది. ఉన్న చార్జి ఎక్కుడుకే అయిపోతది. నువ్వు చదువక్కా. ఈసారి ఉన్నది ఉన్నట్టు చదువు."

చదివాను. వాడు దాన్ని చెట్ల తలలకు కాస్త పైన, గాలి తక్కువగా ఉన్నచోటికి దించాడు. ఉరికించలేదు. ఉరికిస్తే చార్జి జల్దీ తాగేస్తుందట. కెమెరాను నిట్టనిలువుగా కిందికి తిప్పాడు. పద్నాలుగు. పన్నెండు. పది దగ్గర అది తనంతట తానే దిగడం మొదలుపెట్టింది. వాడు రిమోట్ మీది పుల్లను పైకి పట్టి దిగడాన్ని ఆలస్యం చేస్తూ, పక్కకు పక్కకు నెట్టాడు.

"మనుషుల మీద పడొద్దు, వాగుల పడొద్దు. గంతే," అని గొణుక్కున్నాడు.

వాగు దాటించాడు. తెర మీద ఆకులు, ఇంకా ఆకులు, తరువాత నలుపు. మ్యాపులో చివరిచోటు చూపిస్తున్న చుక్కను నా ఫోనుతో ఫోటో తీయించాడు. పొద్దు గుంకేదాకా వెతికాం, దొరకలేదు. ఆ రాత్రి పెళ్లివారింట్లోనే, గుండీకి బిళ్లతోనే పడుకున్నాడు.

తెల్లవారి ఇప్పపూలు ఏరుకునే ఒకామె తలమీద గంప పెట్టుకుని వచ్చింది. పూల మీద మా డ్రోన్. రెండు రెక్కలు విరిగి, పసుపుపచ్చని పూలలో మెత్తగా కూర్చుని ఉంది.

"తాతా, గీ తేనెటీగ మీదేనా? మా చెట్టు కింద పడి పండుకున్నది. ఇన్ని పూలున్నయ్, ఒక్కటన్న తాగలే."

వాడు గట్టిగా నవ్వాడు. బిళ్ల తీసి జేబులో వేసుకున్నాడు. పెళ్లికూతురి తండ్రి ఏమైందని అడిగితే, "నేనే అంకె సక్కగ చూడలే," అన్నాడు. మీలో ఎవరైనా అడిగి ఉంటే మీకూ అదే చెప్పేవాడు. పోయేదాకా ఎవరికీ వేరే మాట చెప్పలేదు.

ఇంటికి బస్సెక్కాం. తిడతాడని సిద్ధంగా ఉన్నాను, జవాబులు కూడా అమర్చుకున్నాను. అవేవీ పనికిరాలేదు.

"బడి కనబడ్డదా అక్కా?"

"సగం కూలింది."

"అవ్. సగమన్న కనబడ్డది కదా," అన్నాడు.

మొన్న వాడి గుండె మొరాయించినప్పుడు ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్లాను. కారు ఇంటి ముందు నిలబడి ఉండగా, ఒకటి మరిచిపోయానంటూ మళ్లీ గుమ్మం దాకా వెళ్లాడు. ఊపిరే అందడం లేదు, ఇప్పుడు కళ్లద్దాలు కావాలా అని కేకలేశాను. ఉత్త చేతులతో వచ్చి కారులో కూర్చున్నాడు.

ఐదో రోజు సాయంత్రం మంచం పక్కన ఆక్సిజన్ అంకె చూపే తెర వైపు కళ్లతో చూపించాడు.

"అక్కా, ఎంతున్నది?"

ఎనభై రెండు ఉంది.

"తొంభై రెండు," అన్నాను.

 వాడి పెదవి ఒక పక్కకు కదిలింది. "గప్పటి నలభై లెక్కనేనా?" అన్నాడు. నేను దుప్పటి సరిచేశాను. "ఇంకింత ఉన్నప్పుడే ఇంటికి మలపాలె అక్కా. తీస్కపో."

డాక్టరు మీ ఇష్టమన్నాడు. నేనే, రేపు ఒక పరీక్ష ఉంది, అదొక్కటి అయ్యాక పోదాం అన్నాను. ఇంకొక్క రోజు. వాడు కాదనలేదు. నా మాట వాడు ఎన్నడూ కాదనలేదు. పరీక్షకు పిలుపు రాకముందే, తెల్లవారుజామున పోయాడు.

ఇప్పటికీ వంటింట్లో కుక్కర్ కూత వేస్తే, "అక్కా, ఎన్నయినయ్?" అని హాల్లోంచి వినబడుతుందని ఆగుతాను. నిజమే చెబుతాను, మూడంటే మూడే. అడగాలి గదా.

ఇక పని సంగతి. వాడి బ్యాటరీలు మూడు ఉన్నాయి. నిన్న మీటలు నొక్కి చూశాను, అలమారులో ఉన్న రెండింటికి ఒక్కో లైటే వెలుగుతోంది. పూర్తిగా సున్నా అయితే మళ్లీ చార్జి ఎక్కవని వాడే చెప్పేవాడు. చార్జరు మీలో ఒకరి దగ్గరుంది. వైరా పెళ్లికని పట్టుకెళ్లారు. పేరు రాయను, సంతాప సభలో మిర్చి బజ్జీలు మూడోసారి అడిగినవారు. ఆదివారం లోపల తెచ్చివ్వండి. రెండు లైట్ల దాకానే ఎక్కించండి, దాచిపెట్టే బ్యాటరీకి నాలుగు వద్దు. ఉబ్బిన మూడోదాన్ని ఇసుక బకెట్‌లో పెట్టాను, దాని జోలికి వెళ్లకండి.

గుమ్మం దగ్గర మాత్రం కాస్త ఒదిగి లోపలికి రండి. పక్కన మేకుకు బిళ్ల వేలాడుతోంది, ఆ రోజు కారెక్కే ముందు వాడు తగిలించి వెళ్లింది. భుజం తగిలి కింద పడనివ్వకండి.