అవ్వ మోకాళ్ళ ఫిర్యాదు

ఆ రోజుల్లో మంచి పనిముట్టు దొరికితే మంచి పని దానంతటదే జరిగిపోతుందని నమ్మేవాణ్ణి. నిజామాబాదులో మా చర్చి గోడ మీద పాటల మాటలను పెద్ద అక్షరాల్లో చూపించే ప్రోగ్రాం ఒకటి నేనూ, అక్కడ కీబోర్డు వాయించే అన్నా కలిసి రాశాం. (తోడబుట్టిన అన్న కాదు. ఆ తేడా ఇప్పుడు గుర్తుకు రావడం లేదు.) దాన్ని ఎవరైనా తీసుకుని మార్చుకునేలా ఓపెన్ సోర్సుగా పెట్టాలనుకున్నాం. కోడ్‌ను బ్రౌజరులోనే చదువుకోవడానికీ, వాడేవాళ్ళు చెప్పే లోపాలు నమోదు చేసుకోవడానికీ ఒక సైటు కావాలి. దాన్ని ఎంచుకోవడానికి పట్టినంత కాలం ప్రోగ్రాం రాయడానికి కూడా పట్టలేదు.

నాకు నచ్చిన సైటులో ఫిర్యాదు చేయాలంటే తీవ్రత, వెర్షను, విభాగం అన్నీ నింపాలి. అన్నకు నచ్చినదాంట్లో ఒక్క ఖాళీ పెట్టె, పక్కనే ఏ వరుస ఎవరు ఎందుకు రాశారో చూపించే కోడ్. చెరుకు లారీల వెనక ఇరుక్కున్న బోధన్ బస్సులో వచ్చి వచ్చి అలసిన అన్న, "తమ్మీ, ఫిర్యాదు రాసేది మన చర్చోళ్లే గద. తీవ్రత, విభాగం అంటే ఎవలకు ఎరుక?" అన్నాడు. మొహం మాడ్చుకుని ఒప్పుకున్నాను.

మొదటి ఫిర్యాదు వయసంతా చెరుకు నరికిన ఒక అవ్వ నుంచి వచ్చింది, ఫోన్లో నోటితో చెప్పి రాయించి పంపినది: "మోకాళ్లు నొస్తున్నయ్. పాట పాడస్తలేదు." ప్రార్థన అంశం కాబోలనుకున్నాను. (మా దగ్గర ఒంటి నొప్పుల నుంచి కొలువు పరీక్షల దాకా అన్నీ ఆరాధనలో చెప్పుకుంటారు.) "మా ప్రోగ్రాంకు సంబంధం లేదు" అని రాసి మూసేశాను. నేను పరిష్కరించిన మొదటి సమస్య కనుక కాస్త గర్వపడ్డాను కూడా.

ఆదివారం అవ్వ నన్ను గుమ్మం దగ్గరే ఆపింది. "మూసేసినమని ఫోన్ల వచ్చింది. నొప్పి గట్లనే ఉన్నది గద బిడ్డా?"

"మోకాళ్లకు మేమేం చేస్తం అవ్వా?"

"పాటకు అందరు లేస్తరు. నేను లేవలేను. ముందటోళ్ల వీపులే కనవడ్తయ్. పుస్తకంల అక్షరాలు కంటికి ఆనవు. గోడ మీద మీ పాట యాడ్నో కింద ఉంటది. ఇంక నేనేం పాడాలె?"

గుమ్మం పక్కనే కీబోర్డు దగ్గరున్న అన్న నవ్వు ఆపుకోలేక దాని మీద చేతులు వేసేశాడు, అది భళ్ళున మోగింది. చర్చంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ వారమే అతను పాటను గోడ పైభాగానికి జరిపాడు. తర్వాతి ఆదివారం అందరూ లేచి నిలబడ్డాక, వాళ్ళ వెనక నుంచి, అందరికంటే ఒక మాట ఆలస్యంగా, అవ్వ గొంతు వినిపించింది.

ఇప్పుడు అవ్వ లేదు. పోయిన వానాకాలం అన్న కూడా పోయాడు. అప్పుడప్పుడు ఆ సైటు తెరిచి కోడ్ చదువుతుంటాను. పాటను పైకి జరిపిన వరుస పక్కన అన్న పేరు, కింద అతను రాసిన కారణం ఉన్నాయి: "అవ్వ కూసొని పాడాలె." నేను మూసేసిన ఫిర్యాదును మాత్రం మళ్ళీ తెరిచి, ఇక మూయలేదు. నొప్పి తగ్గిందని అవ్వ చెప్పలేదు కదా అనేవాడు.

ఈ మధ్య పాటకు లేవాలంటే ముందు కుర్చీ పట్టుకోవలసి వస్తోంది నాకు. మొన్న ఆదివారం లేవనేలేదు. ఎదురుగా అన్నీ వీపులే. తలెత్తితే, పాట మొత్తం కనిపించింది.