ముడుపులో ప్రయాణం చేసిన కారు

మా భజన మండలిలో పరనింద మహాపాపమని వారం వారం చెప్పే పెద్దమనిషి ఒకడున్నాడు. ఆ పెద్దమనిషి ఒక గురువారం నాడు, ఒక్క పూటలోనే, ఒక నిర్దోషిని దొంగ అన్నాడు, కన్నతల్లిని అడ్డం తప్పుకోమన్నాడు, దేవుడి హుండీతో తగువు పడ్డాడు. ఆయన ఎవరో కాదు, నేనే. నవ్వదలచుకున్నవాళ్లు చివరిదాకా ఓపిక పట్టండి. మధ్యలోనే నవ్వేస్తే తర్వాత చాలదు.

ఆదోనిలో మాది పత్తి వ్యాపారం. మా వంశంలో మొదటి కారు నేనే కొన్నాను. ఏడాదిపాటు ఏ గండమూ లేకుండా తిరిగితే, ఎమ్మిగనూరు దాటాక గూడూరు దారిలో ఉన్న మా ఇలవేల్పు వీరభద్రస్వామికి సమర్పిస్తానని మా అమ్మ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి ముడుపు కట్టింది. దాన్ని కారులో అద్దం కింద వేలాడదీసింది.

అంతలో ఊళ్లో ఎవరిదో కారు పోయిందన్న కబురు నా చెవిన పడింది. సర్వం ఈశ్వరాధీనమని వందసార్లు చెప్పిన నోటితోనే వీరేశుకు ఫోన్ చేశాను. వీరేశుది ఎమ్మిగనూరులో కార్లకు కరెంటు పనులు చేసే అంగడి. మా భజనకు తబలా కూడా అతనిదే. స్టీరింగుకు తాళం, గేరుకు తాళం, ఎవరైనా ముట్టుకుంటే ఊరు లేచేట్టు అరిచే సైరన్, అన్నీ పెట్టించాను. ఆఖరున వీరేశు, కారు ఎక్కడుందో ఫోన్లో చూపించే అగ్గిపెట్టెంత ట్రాకర్ ఒకటి నా చేతిలో పెట్టి, సీటు కింద దాస్తానన్నాడు.

"వద్దు. దీన్ని నేనే దాచుకుంటా. నీక్కూడా చెప్పను" అన్నాను.

దొంగ సీటు కింద వెతకడా? కానీ ఎంత దొంగైనా దేవుడి ముడుపు మీద చెయ్యి వేస్తాడా? ఆ రాత్రే ముడుపు విప్పి, రూపాయి పక్కన ట్రాకర్ పెట్టి, మళ్లీ మూడు ముళ్లు వేశాను. అమ్మకు కూడా చెప్పలేదు. నా తెలివికి నేనే నమస్కారం పెట్టుకున్నాను.

ఆ తర్వాత ఏం జరిగిందంటే, కారు నిక్షేపంగా ఉంది, నేనే చెడిపోయాను. ఊరి సందుల్లో ఎవడు గీస్తాడో, ఎవడు ఎత్తుకుపోతాడో అని కారును ఇంటి షెడ్డులో పెట్టి, షట్టర్ దించి, తాళం వేసి, నేను బస్సులో తిరిగేవాణ్ణి. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాడి గురించి విన్నాం. కొమ్మ అరిగిపోతుందని నేల మీద కూర్చున్నవాణ్ణి నేనే.

ఇక ఆ గురువారం. మరునాడు ఉదయం మా మండలి ప్రవచనానికి ఆచార్యులవారిని మంత్రాలయం నుంచి ఆదోనికి తీసుకురావాలి. నాకంటే పెద్ద కార్లున్న ముగ్గురితో వాదించి, "గురువుగారు నా కారులోనే రావాలి" అని ఆ భాగ్యం దక్కించుకున్నాను. సభకు పిలుపులు చెప్పడానికి ఎమ్మిగనూరు వచ్చాను. బస్సులోనే అని వేరే చెప్పాలా?

పదిన్నరకు ఫోన్ మోగింది. మీ వాహనం కదులుతోంది అని రాసి ఉంది. పటంలో చిన్న నీలం చుక్క ఆదోని దాటి వస్తోంది.

నా భార్య ఆలూరులో పుట్టింట్లో ఉంది. అమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. పక్కింటి రత్నమ్మక్కకు చేసి షెడ్డు చూడమన్నాను.

"షట్టరు దించి తాళం ఏసే ఉంది గదప్పా. మీ అమ్మ ఇందాకనే యాడికో పోయినట్టుంది" అంది.

"సైరన్ ఏమన్నా మోగిందా అక్కా?"

"కుక్క కూడా అరవలేదు."

బుద్ధి ఉన్నవాడైతే కారు లోపలే ఉందనుకుంటాడు. నేనేమో, కారు తీసి మళ్లీ తాళం వేసి పోయాడంటే ఎంత పద్ధతి గల దొంగో అనుకున్నాను. సైరన్ మోగకుండా ఆపడం ఎవరికి తెలుసు? బిగించినవాడికి. నేరుగా వీరేశు అంగడికి పోయాను. అతను పదిమంది గిరాకీల మధ్య ఎవరిదో హారన్ విప్పుకొని కూర్చున్నాడు.

"నా కారు యాడికి పోతాంది వీరేశా? నిజం చెప్తే కేసు పెట్టను."

అతను హారన్ మీదినుంచి తల ఎత్తాడు. "నేను ఈడ కూసోనుంటే ఆడ కారెట్ల తోల్తానన్నా?"

"నీ దగ్గర పని నేర్చుకున్నోళ్లు లేరా?"

ఆ మాట అన్నాక అతను నవ్వలేదు. హారన్ పక్కన పెట్టి, చేతులు తుడుచుకొని బైకు తీశాడు. "ఎక్కు. దొంగను చూపిస్తే నేనే పట్టిస్తా. లేకుంటే నా సంగతి అప్పుడు మాట్లాడుదాం."

నీలం చుక్క నెమ్మదిగా వస్తోంది. ప్రతి ఊరి స్టేజీలో ఆగుతోంది. "ఈ దొంగ ప్యాసింజర్లను ఎక్కించుకుంటాండాడేమో" అన్నాడు వీరేశు. నాకు అది వెటకారంగా వినిపించింది. అది దైవవాణి అని తర్వాత తెలిసింది.

కారు ఎమ్మిగనూరు బస్టాండుకే వచ్చింది. పది నిమిషాలు ఆగింది. మళ్లీ కదిలింది. మేము బస్టాండు బయట రోడ్డు మీద నిలబడి ఉన్నాం. చుక్క మా మీదికే వస్తోంది. నేను రెండు చేతులూ చాపి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డాను. అదే సమయానికి గూడూరు బస్సు ఒకటి అడ్డం వచ్చింది. కిటికీలోంచి మా అమ్మ నవ్వుతూ చెయ్యి ఊపింది. కారు కనపడకుండా చేస్తున్న బస్సును తప్పుకోమని నేను కసిగా సైగ చేశాను. బస్సు పోయింది. చుక్క కూడా పోయింది. కారు మాత్రం లేదు.

"అన్నా, ఆ బస్సులో ఉండేది అమ్మ గదా?"

"అమ్మ సంగతి తర్వాత. కారు చూడు."

వెంటపడ్డాం. కారు బస్సు ముందు దాక్కుందనుకొని బస్సును దాటాం. ముందు ఏమీ లేదు, చుక్క మా వెనక ఉంది. దొంగ వెనక్కి తగ్గాడనుకొని మేమూ తగ్గాం. బస్సు మమ్మల్ని దాటింది. అమ్మ మళ్లీ చెయ్యి ఊపింది. ఈసారి పక్కన కూర్చున్నామెకు కూడా నన్ను చూపించింది.

చివరికి చుక్క రోడ్డు దిగింది. బైకు ఆపి వీరేశు నా ఫోన్‌లోకి చూశాడు.

"ఇది మన వీరభద్రస్వామి గుడి గదన్నా. నీ కారు మెట్లెక్కుతాంది."

మెట్లెక్కే కారు. గుడి. అమ్మ. ముడుపు. ఏడాది నిండింది. కారు తాళంచెవులు ఇంట్లో అమ్మ దగ్గరే ఉన్నాయి, ఇక సైరన్ ఎందుకు మోగుతుంది?

పరిగెత్తాను. ఏకాదశి ఉపవాసాల ఒళ్లు నాది, ఆ మెట్లు ఎలా ఎక్కానో స్వామికే తెలియాలి. పైకి చేరేసరికి అమ్మ కళ్లు మూసుకొని హుండీ ముందు నిలబడి ఉంది. "అమ్మా, ఎయ్యొద్దు" అన్నాను. లోపల టప్పుమని చప్పుడైంది.

అమ్మ కళ్లు తెరిచింది. "రూపాయికి ఇంత బరువు యాడిదా అనుకుంటి. నువ్వేంది రా, రోడ్డు మీద అట్ల చేతులు ఊపుతాంటివి?"

పూజారి దగ్గరికి పోయి, హుండీలో పడింది నా వస్తువని వాదించాను. ఆయన చాలా శాంతంగా అన్నాడు: "పడేదాకా నీదప్పా. పడినాక స్వామిది. ఈ మాట పోయిన నెల మీ భజనలో నువ్వే చెప్పినావు."

అప్పటికి వీరేశు నిదానంగా మెట్లెక్కి వచ్చాడు. జరిగింది విని అమ్మ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. వీరేశు కాళ్లు పట్టుకోబోయాను. అతను వెనక్కి జరిగాడు.

"ఈడ ఎవరూ లేనప్పుడు వద్దన్నా. నా అంగడి ముందర పదిమంది వినంగా దొంగ అంటివి. రేపు పదిమందిలో చెప్పు."

మరునాడు షెడ్డు తెరిస్తే కారు దుమ్ము కూడా చెదరకుండా ఉంది. మంత్రాలయంలో ఎక్కి ఆచార్యులవారు ముందు సీట్లో కూర్చున్నారు. ఆదోని పొలిమేరలో ఫోన్ మోగింది. ఆయన చదివారు: "మీ వాహనం కదలడం లేదు. గుడి దగ్గర భద్రంగా ఉంది." గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్నామేమో, ఆయన పైనున్న పిడిని గట్టిగా పట్టుకొని, "మరి మనం ఎందులో ఉన్నాం నాయనా?" అన్నారు.

సభలో నిలబడి మొత్తం చెప్పాను. బస్సు దగ్గరికి వచ్చేసరికి ఆచార్యులవారే కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. "వీరేశు దొంగ కాదు, నేనే మూర్ఖుణ్ణి" అని ముగించి చేతులు జోడించాను. అప్పుడు వీరేశు తబలా మీద ఒక్క దెబ్బ వేశాడు. చూస్తే నవ్వుతున్నాడు.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా ఇంటి దొంగ నేనే, పట్టుకున్నది ఆ ఈశ్వరుడే, పైగా దొంగసొత్తు తన హుండీలోనే పెట్టుకున్నాడు.

కాబట్టి తడిబట్టలతో ప్రమాణం చేసి చెబుతున్నాను: ఇకమీదట దేవుడికి కట్టిన మూటలో దేవుడికి చెప్పకుండా ఏదీ దాచను. ఫోన్‌ను నమ్మి మనిషిని దొంగ అనను. బస్సులోంచి అమ్మ చెయ్యి ఊపితే, ముందు ఆ బస్సు ఎక్కుతాను. దీనికి వీరభద్రస్వామే సాక్షి. నా కారు ఎక్కడుందో, హుండీ తెరిచేదాకా ఆ నెలంతా, నాకంటే ఆయనకే బాగా తెలుసు.