నేల తగిలిందో లేదో

నీళ్ళ అడుగున ఫోటోలు తీస్తానంటే జనం సముద్రాలూ, రంగురంగుల చేపలూ ఊహించుకుంటారు. నేను తీసేది సైనిక్‌పురిలో ఒక ఈతకొలనులో, పెళ్ళికి సిద్ధమైన జంటల్ని. అమ్మాయికి ఎర్ర గౌను, అబ్బాయికి కోటు, నాకు జలుబు. రాంగోపాల్‌పేట్‌లో స్టూడియో పెట్టుకుని పాస్‌పోర్టు ఫోటోలు తీసుకునేవాణ్ణి, ఈ వయసులో నడుముకి సీసం బెల్టు కట్టుకుని మునగాల్సి వచ్చింది. మునిగి లేచిన ప్రతిసారీ చెవులు దిబ్బళ్ళు పడతాయి. ఇంటికొచ్చాక టీవీ శబ్దం పెంచితే నా భార్య విసుక్కుంటుంది.

ఈ పనికి వైడ్ యాంగిల్ లెన్సు లేకపోతే కుదరదు. ఎక్కువ మందిని ఇరికించడానికి అనుకుంటారు గానీ, అది దగ్గరికి వెళ్ళడానికి. కొలను నీళ్ళు గట్టు మీంచి ఎంత తేటగా ఉన్నా, లోపల నాలుగు గజాలు వెనక్కి జరిగితే పాలు కలిపినట్టుంటాయి. మొహాలు పాలిపోతాయి. మామూలు లెన్సుతో దగ్గరికి వెళ్తే మనిషిలో సగమే పడుతుంది. వైడ్ అయితే చెయ్యి చాస్తే అందేంత దగ్గర నుంచి తల మొదలు పాదాల దాకా పట్టేస్తుంది. దానికో దుర్గుణం ఉంది. అంచుల్లో ఉన్నవాటిని సాగదీస్తుంది. పెళ్ళికొడుకు చెయ్యి అంచుకి వెళ్ళిందంటే సొరకాయలా తయారవుతుంది. ఆ లెన్సుతో తీసినప్పుడు మధ్యలో ఉన్నదాన్నే నమ్మాలి.

నా భార్యకి వెన్నులో కణితి తీసి రెండేళ్ళు దాటింది. ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. నడుము కింద స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. నీళ్ళలో వ్యాయామం చేయిస్తే కాళ్ళలో బలం రావచ్చని ఎవరో చెప్పగా, రోజు విడిచి రోజు బొల్లారంలోని ఒక కొలనుకి తీసుకెళ్ళడం మొదలుపెట్టాను. తెల్లవారకముందే లేవాలి. ఆమెని మంచం మీంచి చక్రాల కుర్చీలోకి, కుర్చీలోంచి కారులోకి, కారులోంచి మళ్ళీ కుర్చీలోకి ఎత్తాలి. రైల్వే గేటు పడిందా, ఇంక అంతే. తిరిగొచ్చి ఆమెకి స్నానం చేయించి, తిన్నామనిపించుకునేసరికి సైనిక్‌పురి నుంచి ఫోను, జంట వచ్చేసిందని. ఒళ్ళు హూనమైపోయేది. ఆ మాట పైకి అనేవాణ్ణి కాదు. ఆమె కాళ్ళ కోసం వెళ్తూ నా నడుం నొప్పి గురించి ఏమని చెప్పుకోను?

బొల్లారంలో వ్యాయామం చేయించే అతను మంచివాడు, మహా హుషారు. ఒకరోజు ఛాతీ లోతు నీళ్ళలో ఆమెని నిలబెట్టి, నడుం పట్టుకున్న చేతులు రెండూ పైకెత్తేశాడు.

"సార్, చూసిండ్రా? నేను పట్టుకోలే! అమ్మ సొంతంగ నిలబడ్డది!"

గట్టు మీంచి వంగి చూశాను. పైనుంచి చూస్తే నీళ్ళలో ఉన్నదేదీ ఉన్నచోట కనిపించదు. పాదాలు టైల్స్‌కి ఆనినట్టే ఉన్నాయి.

"నిలబడ్డావా?" అనడిగాను.

"నాకేం తెలుస్తుందండీ, అరికాళ్ళకి స్పర్శ ఉంటేగా" అంది.

తిరుగుదారిలో గేటు పడింది. ముందు లారీ, వెనక స్కూలు బస్సు. అప్పుడు అడిగింది.

"ఆ పెళ్ళిళ్ళ కేమెరా తెచ్చి నన్నొకసారి తీయండి. మొహం అక్కర్లేదు. పాదాలు కింద ఆనాయో లేదో తెలియాలి. అతని మాట నమ్మలేను, నేను మునిగిపోతున్నా 'సూపర్ అమ్మా' అంటాడు. ఆనితే ఇంకో ఏడాదైనా వద్దాం. ఆనకపోతే..."

అక్కడ ఆగిపోయింది. ఆనకపోతే ఏమిటని నేను అడగలేదు. ఇల్లు చేరేదాకా ఒకటే ఆలోచన. ఆనితే బావుండునని కోరుకోవాలి కదా, మొగుణ్ణి. నాకు ఆనకపోతే బావుండుననిపించింది. ఉన్నమాట రాస్తున్నాను.

మళ్ళీ బొల్లారం వెళ్ళే ముందురోజు సాయంత్రం భోజనాల బల్ల మీద కేమెరాకి నీళ్ళ తొడుగు బిగించాను. దాని రబ్బరు రింగు మీద ఒక్క వెంట్రుక ఉన్నా చాలు, నీళ్ళు దిగి లెన్సూ కేమెరా రెండూ పోతాయి. ఆమె కుర్చీలో కూర్చుని టార్చి పట్టుకుంది.

బొల్లారంలో అతను నన్నూ కేమెరానీ చూసి సంబరపడిపోయాడు. "అరే, ఫోటో షూటా! అమ్మా, జెర నవ్వుండ్రి!"

"నవ్వేది పైన, ఆయన తీసేది కింద" అంది ఆమె.

అతను చేతులు వదిలేశాడు. నేను మునిగి, ముందు మనిషంతా పడేలా తీశాను. పాదాలు ఫ్రేము అడుగు అంచుకి వెళ్ళి బాతు కాళ్ళలా సాగిపోయాయి. ఆ ఫోటో ఏ సంగతీ చెప్పదు. లేచి, ఊపిరి తీసుకుని మళ్ళీ మునిగి, నేల మీద బోర్లా పడుకుని, లెన్సు ముందున్న గాజు బుడగని ఆమె పాదాల దగ్గరికి తోశాను. ఇప్పుడు పాదాలు సరిగ్గా మధ్యలో ఉన్నాయి. అవి నాకు కొత్త కాదు, రోజూ నూనె రాసేది నేనే. వాటి కింద సన్నటి నీలం గీత, ఈ వేలి నుంచి ఆ వేలి దాకా. నమ్మకం కుదరక నా చూపుడువేలు దూర్చి చూశాను. ఎక్కడా అడ్డం తగల్లేదు. ఆరేసిన బట్టల్లా వేలాడుతున్నాయి ఆ పాదాలు. ఫోటో తీసి, ఊపిరి ఆగినంతసేపు అక్కడే ఉండిపోయాను.

"ఎట్లొచ్చింది సార్, సూపర్ వచ్చిందా?"

"ఇంటికెళ్ళి చూడాలి" అన్నాను. ఆమె కారులో కళ్ళు మూసుకుని కూర్చుంది.

మధ్యాహ్నం భోజనమయ్యాక కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఎంతమంది పెళ్ళికూతుళ్ళ మొటిమలు చెరిపానో, ఎంతమంది పెళ్ళికొడుకుల బొజ్జలు తగ్గించానో. ఆ నీలం గీతని మూసేసి, వేళ్ళ కింద ఇంత నీడ పుయ్యడం నాకో లెక్క కాదు. చెయ్యి మౌస్ మీదే ఉంది. పుయ్యాలా, వద్దా తేల్చుకునేలోపే కుర్చీ చక్రాల చప్పుడైంది.

"ఉన్నదున్నట్టు చూపించండి" అంది.

చూపించాను. ముందుకి వంగి చాలాసేపు చూసింది. తెర మీద ఆ గీత దగ్గర వేలు పెట్టింది.

"ఇది నీళ్ళేనా?"

"నీళ్ళే."

"అంటే నిలబడలేదు. తేలుతున్నాను."

"తేలుతున్నావు" అన్నాను.

ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఆమె కుర్చీలో వెనక్కి వాలి "హమ్మయ్య" అంది.

నాకు అర్థం కాలేదు.

"మీరు ఆశ పెట్టుకున్నారని వస్తున్నానండీ ఇన్నాళ్ళూ. మీ మొహం చూసి మానేద్దామని అనలేకపోయాను. నన్నెత్తినప్పుడల్లా మీరు పళ్ళు బిగబట్టడం నాకు తెలియదా? ఆ చలి, ఆ మందు నీళ్ళ వాసన, ఆ గేటు. నావల్ల కావడం లేదు. అలిసిపోయాను."

"నేనూ" అన్నాను. కుర్చీలోంచి లేవడానికి కూడా ఓపిక లేక కిందికి జారి, ఆమె పక్కనే నేల మీద కూర్చుని, ఆమె ఒళ్ళో తల పెట్టుకున్నాను. కాసేపటికి బరువేస్తోందేమోనన్న ఆలోచన వచ్చి తల ఎత్తబోయాను.

ఆమె నా తల మీద చెయ్యి వేసి ఆపింది.

"నాకు బరువు తెలీదుగా. పడుకోండి" అంది.