బోరు లేని మామిడితోట

నా పేరు లచ్చవ్వ. వయసు డెబ్బై పైనే. బోథ్ దగ్గరి ఊళ్లో నేనూ, మనవరాలూ, రెండు ఎడ్లూ ఒకే ఇంట్లో ఉంటాం. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. మా మరిది పోయి ఇరవై రోజులయింది. పొద్దున చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే ఒరిగాడు. ఆయన తోటలో బోరు వేయొద్దని చెప్పడానికి ఇది రాయిస్తున్నాను. ఏడుపులు రాయొద్దని మనవరాలికి ముందే చెప్పాను.

గట్టుకు ఇవతల నా మామిడితోట, అవతల ఆయనది. నాది బోరు నీళ్లతో, ఆయనది వాన నీళ్లతో. ప్రతి చెట్టుకూ ఎగువన నెలవంకలా గుంట తవ్వి, పారే వానను అక్కడే ఆపేవాడు. గడ్డి పీకేవాడు కాదు; కోసి చెట్టు మొదట్లో పరిచేవాడు. నా కాయ పెద్దది, ఆయన కాయ తీపి. ఆ మాట ఆయన బతికుండగా నేను ఒప్పుకోలేదు.

"వదినా, నీ చెట్లకు పాలసీసా అలవాటు జేసినవ్. మోటరు కాలిననాడు గుక్కపట్టి ఏడుస్తయ్" అనేవాడు.

"నీ తోటల పాములు కాపురం జేస్తున్నయ్, ముందు గది జూస్కో!"

"మరి ఎలుకలను ఎవలు తింటరు? నువ్వు తింటవా?"

ఒక ఎండాకాలం ఆయన చెన్నూరులో బిడ్డ ఇంటికి వెళ్లాడు. చేతకాక తోట అలా వదిలేశాడనుకొని, నేను గుంటలన్నీ పూడ్పించి, గడ్డి తీయించి, నా ఎడ్లతో అద్దంలా దున్నించాను. మెచ్చుకుంటాడనుకున్నాను. తొలి వానకే పైమట్టి వాగులో పడి పోయింది. ఆ వాగు నీళ్లు చివరికి చేరేది గోదావరికే. గోదావరి పోయేది చెన్నూరు పక్కనుంచే.

ఆయన వచ్చి చూసి, నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వాడు. "నేను చెన్నూరు పోతే నా భూమిని గూడ ఎన్కనే తోలిచ్చినవా వదినా? జర ఫోన్ జేస్తే గోదాట్ల తట్ట పట్టుకోని నిలబడేటోన్ని గదా!"

ఒక్క తిట్టు తిట్టలేదు. ఇద్దరం కలిసి మళ్లీ తవ్వాం. తర్వాత నా చెట్లకూ తవ్వించాడు. ఇప్పుడు నా మోటరు తిరిగేది వారానికి ఒక్కసారే. అంతకుముందు నా బోరు రెండుసార్లు ఎండితే రెండుసార్లూ లోతుకు దింపించాను. నేను దింపిన కొద్దీ ఊరి చేదబావి ఎండింది. ఆ తప్పు నాదే. అలాంటిది ఇంకొకటి అక్కర్లేదు.

నిన్న ఆయన కొడుకు బోరు బండి తెచ్చాడు. నేను దారికి అడ్డంగా మంచం వేసుకుని కూర్చున్నాను.

"లే పెద్దవ్వా, పరేషాన్ జెయ్యకు."

"లేవ. ముందు నా మీద వెయ్యి బోరు. నీళ్లు పడయ్ గని, తిట్లు మస్తు పడ్తయ్!"

బండి డ్రైవరు నవ్వు ఆపుకోలేకపోయాడు. మరిది కొడుక్కూ నవ్వొచ్చింది. "సరే, గీ వానకాలం జూస్త" అన్నాడు. మాట గాలికి పోతుంది. అందుకే ఈ కాగితం.

సాయంత్రం వాన పడింది. బండి వెనక్కి మళ్లిన చక్రాల జాడల్లో నీళ్లు నిలిచాయి. పొద్దున చూస్తే రెండు గోరింకలు అందులో మునిగి లేచి రెక్కలు దులుపుకుంటున్నాయి.

లచ్చవ్వ ఎడమ బొటనవేలి ముద్ర.
చూసినవాళ్లు: సక్కుబాయి, ఖాజామియా.