గొట్టం ముందర నేనుండా

ఉడుంపట్టు అని మా గోదావరి వైపు ఊరికే అనేస్తుంటాం. అదెలా ఉంటుందో నేను కళ్ళారా చూసింది మాత్రం సౌదీలో, మస్తాన్ వలీ దగ్గర.

అల్ ఖోబర్ నుంచి హుఫూఫ్ వెళ్ళే దారిలో తారు రోడ్డు దిగి ఇసుకలో కొంత దూరం పోతే మా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని, ఆయన మజ్రా. మజ్రా అంటే పచ్చటి పొలం అనుకునేరు! గొర్రెల దొడ్డి, గడ్డి షెడ్డు, స్టాండు మీద నీళ్ళ ట్యాంకు, బాబా వాళ్ళ రెండు గదులు, మాకొక గది, అంతే. కఫీల్‌ని మేము బాబా అనేవాళ్ళం. ఆయన తండ్రి పెద్ద బాబా. మస్తాన్ వలీ గొర్రెల్ని చూసేవాడు. ఈ అమ్మిరాజు, అంటే నేను, పికప్పు నడిపేవాణ్ణి. స్పానర్లు నా దగ్గరుండబట్టి మోటారు విప్పాలన్నా మేకు కొట్టాలన్నా నా ప్రాణానికే వచ్చేది.

మస్తాన్‌ది రాయచోటి. తాత ముత్తాతల నుంచీ గొర్రెలే. విమానంలో సామాను బరువెక్కువైందని చొక్కాలు తీసి పారేశాడు గానీ నల్ల కంబళి మాత్రం వదల్లేదు మహానుభావుడు. చలికాలం గొర్రెలు ఈనే రోజుల్లో పొద్దుగూకగానే ఆ కంబళి నెత్తి మీంచి ముసుగేసుకుని, దొడ్డి మధ్యలో గొంతుక్కూచునేవాడు. మనిషి మధ్యలో ఉంటే గొర్రె బెదరదనేవాడు. పెద్ద బాబాకి ఆ అలవాటు ఎంతో నచ్చింది. ఆయనా చిన్నప్పుడు ఎడారిలో మంద వెంట తిరిగినవాడే. ఫర్వా, అంటే లోపల ఉన్ని ఉండే పొడుగాటి కోటు, అది కప్పుకుని వచ్చి ఇతని పక్కన చతికిలబడేవాడు. ఇద్దరూ ఉలుకూ పలుకూ లేకుండా కూచునేవాళ్ళు. చూస్తే నాకు నవ్వొచ్చేది. 2006 చలికాలంలో మాత్రం పెద్దాయనకి దగ్గు పట్టుకుని, గుమ్మం దాటొద్దని కొడుకు కట్టడి చేశాడు.

ఆ చలికాలమే కుక్కల బెడద మొదలైంది. ఊళ్ళలోంచి తరిమేసినవి ఎడారిలో గుంపులు కట్టి, పొద్దుగూకి మగ్రిబ్ నమాజు వేళ దాటగానే దొడ్డి మీద పడి గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయేవి. బాబా దగ్గర లైసెన్సు రైఫిలుంది. చీకట్లో గురి కుదరట్లేదని ఖోబర్‌లో అజీజియా పేటకి వెళ్ళి, రైఫిలుకి బిగించే టార్చీ, దాని క్లాంపులూ కొనుక్కొచ్చాడు. తూటాలు తీసేసి రైఫిల్ని పికప్పు వెనక తలుపు మీద పెట్టి, బిగించు రాజూ అన్నాడు.

ఇదేదో క్షణంలో పని అనుకున్నాను. నా మొహం! పైన బిగిస్తే గురిచూసే చోటికి అడ్డమొచ్చింది. కుడి పక్కన పెడితే బోల్టు లాగే చేతికి తగిలింది. కింద పెడితే గోడ మీద ఆనించినప్పుడల్లా టార్చీయే ముందు గుద్దుకుంది. చివరికి ఎడం పక్కన, ఎడం బొటనవేలికి స్విచ్చి అందేలా పెట్టాను. అమ్మయ్య, ఖలాస్ అనుకుని చేతులు కడుక్కున్నాను.

మసక చీకటి పడగానే బాబా ఉత్త రైఫిలు పట్టుకుని దొడ్డి చుట్టూ తిరిగాడు. వెలుగు గొర్రెల మీదుగా, తొట్ల మీదుగా పాకి, నల్లటి ముద్ద ఒకదాని మీద ఆగింది. బాబా గబుక్కున భుజానికెత్తి ట్రిగ్గరు నొక్కాడు. ఉత్తదే కాబట్టి టిక్కుమంది. ముద్ద లేచి నిలబడితే మస్తాన్ వలీ. కుక్కనుకున్నానోయ్ అని బాబా పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. మస్తాన్ నవ్వలేదు. తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"రాజన్నా, దాన్ని ఊడబెరుకు. బాబా దీపంతో ఎతకతాండాడు. దీపం యాడికి తిరిగితే గొట్టం ఆడికే తిరుగుతాది. గొట్టం ముందర నేనుండా."

నాకు ఒళ్ళు మండింది. పొద్దుట్నుంచీ చచ్చీ చెడీ బిగించింది విప్పమంటాడేం? అంత భయమైతే ఆ దిక్కుమాలిన కంబళి తీసి షెడ్డులో కూచోవయ్యా అన్నాను. ఈనే గొర్రెని వదిలేసి షెడ్డులో కూచునేవాడు గొర్రెలోడెట్ల అవుతాడని తిరిగి నన్నే అడిగాడు. దీపం ట్యాంకు స్టాండు మీద పెట్టమన్నాడు. దొడ్డంతా కనపడుతుంది, అందులో ఎవరున్నారో తెలిశాకే తూటా ఎక్కించాలి, అదీ అతని లెక్క.

ఆ మాట బాబాకి నన్ను చెప్పమన్నాడు, నేను చెప్పనంటే తనే వెళ్ళి చెప్పాడు. బాబా మొహం ఎర్రబడింది. అంత వెలుగుంటే కుక్కలు దూరం నుంచే పారిపోతాయి, ఇక కాల్చేదేమిటని అరిచాడు. పారిపోతే మంచిదే కదా, మనకి కావలసింది పిల్లలు బతకడమా కుక్కలు చావడమా అన్నాడు మస్తాన్. నాకే నేర్పుతావా, ఖురూజ్, అదే దేశం విడిచి పొమ్మనే వీసా, కొట్టి ఇంటికి పంపేస్తానన్నాడు బాబా.  ఇంటి దగ్గర ఇతను పంపే డబ్బుతోనే పొయ్యి వెలుగుతోందని నాకు తెలుసు.

మస్తాన్ గొంతు పెంచలేదు. వచ్చీరాని అరబ్బీలోనే మెల్లిగా అన్నాడు.

"ఖురూజ్ కొట్టు బాబా, విమానమెక్కి పోతా. పెట్టెలో మాత్రం పోను."

 లోపల్నుంచి పెద్ద బాబా దగ్గుతూనే, వాడడిగింది చెయ్యమని కేకేశాడు. తండ్రి మాట బాబా ఎప్పుడూ జవదాటడు. మర్నాడు నా చేత టార్చీ విప్పించి, పికప్పు బ్యాటరీ నుంచి వైరు లాగించి, పెద్ద దీపం ట్యాంకు స్టాండుకి పెట్టించాడు. స్విచ్చి షెడ్డు తలుపు దగ్గర. పెట్టించాడన్న మాటేగానీ నాలుగు రోజులు మస్తాన్ సలాముకి బదులు పలకలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం, చీకటి పడ్డాక, ఇసుక గాలి లేచి కళ్ళు విప్పనివ్వని వేళ, కుక్కలు మొరిగాయి. మస్తాన్, నేను షెడ్డులో గడ్డి మోపులు దింపుతున్నాం. బాబా రైఫిలుతో పరుగెత్తుకొచ్చాడు, తూటాలు ఎక్కించే ఉన్నాయి. దొడ్డి మూల గొర్రెల మధ్య ఏదో ముద్దగా కదిలింది. బాబా గురి పెట్టాడు.

"దీపం, బాబా," అన్నాడు మస్తాన్.

నువ్విక్కడే ఉన్నావు, రాజు ఇక్కడే ఉన్నాడు, అక్కడుండేది కుక్క కాక ఇంకేమిటని బాబా పళ్ళు కొరికాడు. మాట నిజమే. నేనూ ఒప్పుకునేవాణ్ణే. మస్తాన్ మాత్రం చెయ్యి చాపి గొట్టం పట్టుకుని నేలకి వంచేశాడు. కఫీల్ చేతిలో తుపాకీ అది! బాబా కొట్టడానికి చెయ్యెత్తాడు. దెబ్బ పడినా మస్తాన్ పట్టు వదల్లేదు.

"దీపం ఎయ్యి, రాజన్నా."

వేశాను. దొడ్డంతా తెల్లగా వెలిగిపోయింది. కంచె బయటి కుక్కలు తోక ముడిచి పరుగు తీశాయి. మూలన ఫర్వా కప్పుకుని, అప్పుడే ఈనిన పిల్లని ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని కూచున్నాడు పెద్ద బాబా. గొర్రె అరుపు విని గదిలో ఉండలేకపోయాడట.

పిల్ల బెదురుతోంది, ఆ దీపం ఆర్పండర్రా అని మమ్మల్నే కసిరాడు.

 బాబా రైఫిల్లోంచి తూటాలు ఒక్కొక్కటీ తీసి మస్తాన్ కంబళి కొంగులో పోశాడు. పెద్దాయన మళ్ళీ కసిరాడు, దీపం ఆర్పమని. నేను స్విచ్చి మీద చెయ్యి వేశాను.

"వద్దు రాజూ," అన్నాడు బాబా. "తెల్లారేదాకా ఉండనీ."